బాల్సమిక్ సీసా పక్కన చింతపండు డబ్బా

బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు సెలవులకు కళ్యాణదుర్గం వస్తూ ఒకప్పుడు మిఠాయిలు తెచ్చేవారు. ఇప్పుడు ఓట్స్, ఆలివ్ నూనె, గ్రీన్ టీ పొట్లాలు తెస్తున్నారు. వాటి మధ్య ఈమధ్య ఒక నల్లటి ద్రవం సీసా కూడా కనబడుతోంది. అదే బాల్సమిక్ వెనిగర్. ‘ఇది వాడితే షుగర్ తగ్గుతుందట’, ‘బరువు దిగుతారట’, ‘గుండెకు మంచిదట’ అని తెచ్చినవారు చెబుతారు. వంటింట్లో ఉన్నవారికి మాత్రం సందేహాలు మొదలవుతాయి. దీన్ని దేంట్లో పోయాలి? ఎంత పోయాలి? చింతపండు మానేసి ఇదే వాడాలా? ఇంట్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

ముందే చెప్పుకుందాం. బాల్సమిక్ మంచి రుచినిచ్చే పులుపు. అది మందు కాదు. అది చేసే పనిలో చాలావరకు మీ ఇంట్లోని చింతపండు, నిమ్మకాయ కూడా చేయగలవు. వీటిలో ఏది వాడినా ఆరోగ్యానికి కలిగే పెద్ద లాభం ఒకటే: పులుపును తెలివిగా వాడితే కూరలో ఉప్పు తగ్గించుకోవచ్చు. ఆ లాభం అందుకోవాలంటే సీసాలో ఏముందో, డబ్బాలో ఏముందో తెలియాలి.

సీసాలో ఉన్నదేమిటి?

బాల్సమిక్ పుట్టిల్లు ఇటలీలోని మోడెనా, రెజియో ఎమీలియా ప్రాంతాలు. అక్కడ ద్రాక్షరసాన్ని చిక్కబడే దాకా కాచి, వరుసగా చిన్నవవుతూ పోయే చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి పులియనిస్తారు. ‘ట్రెడిజనాలే’ అనే సంప్రదాయ రకం కనీసం 12 ఏళ్లు పీపాల్లో ఉండాలి. ‘ఎక్స్‌ట్రావెక్కియో’ అని రాసి ఉంటే కనీసం 25 ఏళ్లు. మోడెనా రకాన్ని 100 మిల్లీలీటర్ల ప్రత్యేకమైన సీసాల్లోనే అమ్ముతారు. ధర చాలా ఎక్కువ. దీన్ని వంటలో మరిగించరు, వడ్డించే ముందు చుక్కలుగా వేస్తారు.

మన సూపర్ మార్కెట్లలో సాధారణంగా దొరికేది అది కాదు, ‘బాల్సమిక్ వెనిగర్ ఆఫ్ మోడెనా’ అనే రెండో రకం. ద్రాక్షరసానికి వైన్ వెనిగర్ కలిపి చేస్తారు. చెక్క పీపాల్లో కనీసం 60 రోజులు ఉంచితే చాలు. రంగు కోసం కొద్దిగా కారమెల్ కలపడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. యూరోపియన్ యూనియన్ 2009లో ఈ పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. రోజువారీ వాడకానికి ఈ రకం బాగానే ఉంటుంది.

మూడోది ‘బాల్సమిక్ గ్లేజ్’. తేనెలా చిక్కగా, తియ్యగా ఉంటుంది. జాగ్రత్తపడాల్సింది దీని దగ్గరే. చిక్కదనం కోసం చాలా రకాల్లో గ్లూకోజ్ సిరప్, చక్కెర, పిండి పదార్థాలు కలుపుతారు.

కొనేముందు సీసా వెనక్కి తిప్పండి. మన దేశంలో ప్యాకెట్ ఆహారం మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలి. మొదటి పేర్లలో ద్రాక్షరసం, వైన్ వెనిగర్ ఉంటే సరే. చక్కెర, సిరప్ కనిపిస్తే అది రుచికరమైన తీపి పానకమే అనుకోండి. మామూలు తెల్ల వెనిగర్ కొంటున్నా ఇదే అలవాటు మేలు. పులియబెట్టకుండా అసిటిక్ ఆమ్లాన్ని నీళ్లలో కలిపి చేసిన దానిపై ‘సింథటిక్’ అని తప్పనిసరిగా ముద్రించాలి.

చక్కెర లెక్క ఏమిటి?

మామూలు వెనిగర్‌లో చక్కెర దాదాపు ఉండదు. బాల్సమిక్ ద్రాక్షరసంతో చేసింది కాబట్టి 100 గ్రాములకు సుమారు 15 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఒక టేబుల్ స్పూనులో రెండున్నర గ్రాముల లోపు, 14 క్యాలరీలు. షుగర్ ఉన్నవాళ్లు ఒకటి రెండు టీస్పూన్లు సలాడ్ మీద వేసుకుంటే భయపడాల్సిన పని లేదు. గిన్నె నిండా గ్లేజ్ పోసుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది.

చింతపండు విషయంలోనూ నిజం మాట్లాడుకోవాలి. పుల్లగా ఉంది కదా, చక్కెర ఉండదని చాలామంది అనుకుంటారు. 100 గ్రాముల చింతపండు గుజ్జులో 50 గ్రాములకు పైగా సహజ చక్కెరలు ఉంటాయి. ఆమ్లం కూడా అంతే ఘాటుగా ఉండటం వల్ల ఆ తీపి మన నాలుకకు తెలియదు. అయితే నలుగురి సాంబారులో పడేది నిమ్మకాయంత ముద్ద. అందులోనూ పిప్పి తీసేస్తాం. ఒక్కొక్కరికి వచ్చేది కొద్దిగానే. పులుసులో చింతపండుకు తోడు పెద్ద బెల్లం ముక్క వేసేవాళ్లు, షుగర్ ఉన్నవారికి వడ్డించేటప్పుడు ఆ బెల్లాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

షుగర్‌కు, బరువుకు మందేనా?

వెనిగర్ మీద ఆశలు ఊరికే పుట్టలేదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పిండి పదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనానికి ముందు నీళ్లలో కలిపిన వెనిగర్ తాగినవారిలో, ముఖ్యంగా ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనివారిలో, తిన్న తర్వాతి గ్లూకోజ్ పెరుగుదల కొంత తగ్గింది. ఆమ్లం వల్ల జీర్ణాశయం నుంచి ఆహారం నెమ్మదిగా కదలడం దీనికి ఒక కారణం. కానీ ఆ తగ్గుదల ఒక పూట భోజనానికి సంబంధించింది. మాత్రలకు, నడకకు, అన్నం తగ్గించడానికి అది బదులు కాదు.

బరువు సంగతి ఇంకా బలహీనం. యాపిల్ సైడర్ వెనిగర్‌తో బరువు బాగా తగ్గుతారని 2024లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ప్రపంచమంతా వార్తలు రాశారు. అందులోని లెక్కల మీద సందేహాలు రావడంతో ప్రచురించిన సంస్థే 2025లో దాన్ని వెనక్కి తీసుకుంది. వార్త చదివినంతమంది, ఆ పత్రం రద్దయిన సంగతి చదవలేదు. కాబట్టి పొద్దున్నే పరగడుపున వెనిగర్ తాగే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, దాని బలం ఎంతో ఇప్పుడు మీకు తెలిసినట్టే.

చింతపండుకు దూరపు చుట్టం

ద్రాక్షలో సహజంగా ఉండే ఆమ్లాల్లో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. చింతపండును అంత పుల్లగా చేసేదీ అదే ఆమ్లం. ద్రాక్షరసంతో తయారయ్యే బాల్సమిక్‌లో వెనిగర్ ఘాటునిచ్చే అసిటిక్ ఆమ్లంతో పాటు ఇదీ ఉంటుంది. తీపి, పులుపు కలిసిన ఆ రుచి మనకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే. చింతపండు, బెల్లం కలిపి కాచిన చిక్కటి పులుసును తలపిస్తుంది.

మన అనంతపురం జిల్లాలో వానలు తక్కువ. అయినా పొలం గట్ల మీద, రోడ్ల పక్కన చింతచెట్టు నిలబడుతుంది. వేసవిలో హిందూపురం మార్కెట్‌కు గుట్టలుగా చింతపండు వస్తుంది. సంగటిలోకి ఊరిబిండి, పుల్లగూర, చింతచిగురు పప్పు, పచ్చి చింతకాయ తొక్కు, పచ్చిపులుసు... మన ముద్దకు తోడు వచ్చేవి చాలావరకు పుల్లనివే. చప్పటి రాగిముద్ద గొంతు దిగాలంటే పులుపు ఉండాలి మరి. అంటే పులుపుతో వండటం మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. పులుపుతో పాటు ఉప్పును కూడా పెంచుకుంటూ పోయే అలవాటును మానుకోవడం.

అసలు లాభం ఉప్పు దగ్గర

పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక టీస్పూను. కూరలు, పప్పు, ఊరగాయ, అప్పడం, మజ్జిగ, బేకరీ తిండి అన్నీ కలిపి ఇంతే. మన ఇళ్లలో చాలామంది దీన్ని ఎప్పుడో దాటేస్తారు. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. బీపీ అదుపులో లేకపోతే గుండె, కిడ్నీలు దెబ్బతింటాయి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

‘ఉప్పు తగ్గిస్తే ముద్ద దిగదు’ అనేది ప్రతి ఇంట్లో వినిపించే మాట. ఇక్కడే పులుపు పనికొస్తుంది. నాలుక మీద పులుపు పడినప్పుడు కొద్దిపాటి ఉప్పు కూడా ఎక్కువగా ఉన్నట్టు తెలుస్తుంది. నిమ్మరసం పిండితే చప్పటి పప్పు రుచిగా మారడం మీరు చూసే ఉంటారు. చేయాల్సిందల్లా వరుస మార్చడం.

• రోజూ వేసే ఉప్పులో నాలుగో వంతు తగ్గించి వండండి.
• పొయ్యి కట్టేశాక పులుపు కలపండి. నిమ్మరసం, బాల్సమిక్ అయితే చివర్లోనే వేయాలి. చింతపులుసు మాత్రం పచ్చివాసన పోయేదాకా ఉడకాలి.
• అప్పుడు రుచి చూడండి. ఇంకా చప్పగా ఉంటేనే చిటికెడు ఉప్పు వేయండి.
• రెండు మూడు వారాలు ఇలాగే చేయండి. నాలుక అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది.

ఒక మెలిక ఉంది. గింజ తీసిన చింతపండు పాడవకుండా చాలాచోట్ల ఉప్పు పట్టించి నిల్వ చేస్తారు. మీ డబ్బాలోది అలాంటిదైతే నానబెట్టే ముందు ఒకసారి గబగబా కడగండి, కూరలో వేసే ఉప్పు ఇంకాస్త తగ్గించండి. ఊరగాయ విషయంలో పులుపు ఉప్పును తగ్గించదు. అక్కడ నిల్వకు ఉప్పే ఆధారం. అందుకే ఊరగాయను కూరలా కాకుండా గోరంత నంజుకోవాలి.

రక్తం తక్కువైన ఆడపిల్లలకు

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతున్నాయి. ఆకుకూరలు, రాగులు, పప్పుల్లోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. దాంతో పాటు విటమిన్ సి తీసుకుంటే ఎక్కువగా పడుతుంది. ఈ పనికి బాల్సమిక్ పనికిరాదు, చింతపండులోనూ విటమిన్ సి తక్కువే. నిమ్మకాయ, ఉసిరి, జామ, మన తోటల్లో పండే చీనీకాయ దీనికి సరైనవి. పాలకూర పప్పులో దించాక నిమ్మరసం పిండండి. భోజనం తర్వాత ఒక చీనీకాయ తొనలు తినండి. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము పట్టడం తగ్గుతుంది, కనీసం గంట ఆగండి. రక్తం బాగా తక్కువగా ఉంటే ఆహారంతోనే సరిపోదు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానకూడదు.

మన నీళ్లకూ చింతపండుకూ ఉన్న సంబంధం

చింతపండు గురించి మన ప్రాంతంవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. కరువు వచ్చేకొద్దీ బోర్లు లోతుకు వెళ్తాయి. మన జిల్లాలో చాలాచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై గారలా మరకలు వస్తాయి. పెద్దయ్యాక కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో గుర్తించింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు మన జిల్లాలోని వందల గ్రామాలకు తాగునీటి పథకం చేపట్టడానికి నీటి కొరతతో పాటు ఈ ఫ్లోరైడ్ కూడా ఒక కారణం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. 18 మంది అబ్బాయిలకు 18 రోజుల పాటు భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చారు. 10 గ్రాములంటే ఉసిరికాయంత. ఆ రోజుల్లో వారి మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ గమనించదగ్గంత పెరిగింది. రోజూ పులుసు తినే మనకు ఇది సంతోషం కలిగించే వార్తే.

అయితే దీన్ని ఎంతవరకు తీసుకోవాలో కూడా తెలియాలి. అది కొద్దిమందిపై, కొద్దిరోజులు చేసిన అధ్యయనం. చింతపండు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసేయదు. వంగిన ఎముకలను సరిచేయదు. ‘మేం రోజూ చింతపండు తింటాం కదా’ అని బోరు నీళ్లే తాగడం పిల్లలకు నష్టం. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు యూవీ ఫిల్టరూ దీన్ని తీయలేదు. ఆర్‌వో చాలావరకు తగ్గిస్తుంది. మీరు తాగేది, వండేది బోరు నీళ్లతోనే అయితే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ముందు మంచినీళ్లు, ఆ తర్వాతే మంచి పులుసు.

వంటింట్లో ఎలా వాడాలి?

సీసా ఇప్పటికే ఇంట్లో ఉంటే వృథా చేయకండి. బాల్సమిక్ చల్లటి వాటిమీద, దించేసిన వేడి వాటిమీద బాగుంటుంది. ఎక్కువసేపు మరిగిస్తే దాని సువాసన పోతుంది.

• ఉడికించిన శనక్కాయల సలాడ్: ఒక కప్పు ఉడికించిన శనక్కాయ గింజలు, ఒక కీరా, ఒక టమాటా, చిన్న ఉల్లిపాయ తరుగు, కొత్తిమీర. రెండు టీస్పూన్ల బాల్సమిక్, అర టీస్పూను నూనె, మిరియాల పొడి కలపండి. రుచి చూశాకే ఉప్పు వేయాలా వద్దా అనేది తేల్చుకోండి.
• వేయించిన కూరగాయలు: గుమ్మడి, బీట్‌రూట్, వంకాయ ముక్కలను కొద్ది నూనెతో పెనం మీద మగ్గించి, దించాక ఒక టీస్పూను వేసి కలపండి.
• పండ్లు: బొప్పాయి, కర్బూజ, చీనీ తొనల మీద నాలుగు చుక్కలు. చక్కెర, చాట్ మసాలా అక్కర్లేదు.
• చికెన్: వండే ముందు అరగంట నానబెడితే చాలు. పులుపులో రాత్రంతా ఉంచితే మాంసం పైపైన పిండిలా మెత్తబడుతుంది.

మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట పెడితే బాల్సమిక్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు. అడుగున కాస్త మడ్డి చేరినా అది పాడైనట్టు కాదు.

సీసా లేకపోతే ఇంట్లోనే...

50 గ్రాముల చింతపండును ఒక కప్పు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిసికి వడకట్టండి. అందులో 20 గ్రాముల బెల్లం తురుము, చిటికెడు మిరియాల పొడి వేసి స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద కాచండి. పది, పన్నెండు నిమిషాలకు గరిటెకు పట్టుకునేలా చిక్కబడుతుంది. ఉప్పు వేయకండి. చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. పైన చెప్పిన సలాడ్‌లో, కూరగాయల్లో బాల్సమిక్ బదులు ఇదే వేయొచ్చు. ఒక్కో టీస్పూనులో పడే బెల్లం ఒక గ్రాము అటూ ఇటూ. షుగర్ ఉన్నవారి కోసం బెల్లం సగం చేయండి, మిగతా రుచి మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి చూసుకుంటాయి.

ఎవరు జాగ్రత్తపడాలి?

• ఎసిడిటీ, అల్సర్, ఛాతీలో మంట ఉన్నవారు పరగడుపున ఏ పులుపూ తీసుకోవద్దు. భోజనంతో కొద్దిగా తిని, పడితేనే కొనసాగించండి.
• ఏ వెనిగర్‌నైనా నేరుగా తాగకూడదు. గొంతు మండుతుంది, పళ్లపై ఎనామిల్ అరుగుతుంది. పుల్లనివి తిన్నాక నీళ్లు పుక్కిలించండి, పళ్లు తోమడానికి అరగంట ఆగండి.
• ఇన్సులిన్, షుగర్ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు వెనిగర్‌ను మందులా రోజూ తాగాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి. కూరలో వేసే చెంచాకు ఈ భయం లేదు.
• కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు చింతపండు ఎంత తినాలో అడిగి తెలుసుకోండి. చింతపండులో పొటాషియం ఎక్కువ.
• చింతపులుసును, వెనిగర్‌ను అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచకండి, నిల్వ చేయకండి. చింతపండుతో రుద్దితే ఇత్తడి బిందె ఎలా మెరుస్తుందో మీకు తెలుసు. ఆ ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది. స్టీలు, మట్టి, గాజు పాత్రలు మేలు.

ఈ వారం మీ ఇంట్లో ఒక చిన్న పని చేయండి. ఇంటిల్లిపాదికి వారానికి ఎంత ఉప్పు అవుతుందో కొలవండి. ఒక డబ్బాలో ఉప్పు తూచి పోసుకుని, వంటకు అందులోంచే వాడండి. వారం చివర మిగిలింది తూచి, అయిపోయిన దాన్ని మనుషుల సంఖ్యతో, ఏడు రోజులతో భాగించండి. ఒక్కొక్కరికి 5 గ్రాములు దాటితే వచ్చేవారం నుంచి నాలుగో వంతు తగ్గించి, ఆ లోటును నిమ్మకాయతోనో చింతపండుతోనో పూరించండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే నెల తర్వాత పెద్దవాళ్ల రీడింగులు పాతవాటితో పోల్చి చూడండి, డాక్టరుకూ చూపించండి. అప్పటిదాకా బీపీ మాత్ర మాత్రం ఆపకండి.